సిమెంటు గచ్చు మీద ఫిట్

తొంభైల చివర్లో ఒక చలికాలం ఉదయం, అరకులోయలోని నా ఫిజియోథెరపీ గదిలో పేషెంటును మంచం మీంచి లేపుతుంటే నడుంలో ఏదో పట్టు తప్పింది. ఎడమ పిక్క దాకా కరెంటు పాకినట్టయింది. దెబ్బలు తగిలిన కూలీలను మళ్లీ పనిలోకి పంపడం నా వృత్తి. ఆ రోజు లుంగీ కట్టుకోవడానికి కూడా మా ఆవిడ సాయం కావలసి వచ్చింది.

విశాఖలో ఎం.ఆర్.ఐ. తీశారు. "ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్. నడుం పూసల మధ్య డిస్కు ఉబ్బింది. ఆపరేషన్ అక్కర్లేదు. రెస్ట్, ఆ తర్వాత ఎక్సర్‌సైజులు," అన్నారు డాక్టరుగారు. రెండు నెలలయ్యాక ఆస్పత్రి వరండాలో నడిపించి, నేల మీది బరువొకటి ఎత్తించి, "ఫిట్" అని రాసిచ్చారు.

మర్నాడు మా ఇంటి దగ్గర మెట్ట దిగుతుంటే కాలు లాగేసి సగం దారిలోనే కూలబడ్డాను. ఎలాగో గదికి చేరి డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "రిపోర్టు బాగుంది కదండీ, భయం వదిలెయ్యండి," అన్నారు. నాకు ఒళ్లు మండింది. మరుక్షణం నా మీద నాకే రోత పుట్టింది. ఆ కాఫీ సీజనులోనే, నా నడుం పట్టెయ్యకముందు, సోములు అనే కూలీతో నేనన్నదీ అదే మాట.

సోములు హుకుంపేట వైపు కొండల్లోంచి కాఫీ బస్తాలు కావిడితో రోడ్డుకి దించేవాడు. జారిపడి నడుం పట్టేసి నా దగ్గరికొచ్చాడు. కొన్నాళ్ల వైద్యం తర్వాత గది గచ్చు మీద బస్తా మూడుసార్లు ఎత్తించాను. ఎత్తాడు.

"దిగినప్పుడే లాగేత్తంది సారూ," అన్నాడు.

"భయం వదిలెయ్. బద్ధకమూ వదిలెయ్," అన్నాను.

అతని షావుకారు పక్కనే నిలబడి, "మనిషి సంగతి మీకెందుకండీ, ఫిట్ అని రాసి సంతకం పడేస్తే చాలు," అన్నాడు. పడేశాను. ఛీ! ఇన్నేళ్లలో ఒక్కసారైనా కొండెక్కి కావిడి ఎలా దింపుతారో చూశానా? రెండు కొసలా బరువు ఊగుతుంటే, ఆగకుండా భుజం మార్చుకుంటూ, మంచుకు తడిసిన మట్టిలో దిగాలి. నా గచ్చు మీద ఆ పని ఎక్కడుంది?

నాకు కాస్త నయమయ్యాక సోములు ఊరు వెళ్లాను. నా కాగితం తీసుకున్న నాలుగో రోజే మళ్లీ పడ్డాడట. గోడకి జేరబడి ఉన్నాడు. షావుకారుకి చింతపండు బుట్టలు మోసే పని సోములు భార్య మీద పడింది. నా చేతికర్ర చూసి, "మీరు ఫిట్టేనేటి సారూ?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు.

"ముందు కూకోండి సారూ. నిలబడితే లాగేత్తాది," అంది అతని భార్య, పీట వేస్తూ. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు నా నడుం బాగానే ఉంది. ఏటవాలు దారిలో వారానికింత బరువు పెంచుకుంటూ దిగడం సాధన చేశాకే కుదుటపడింది. కూలీలకీ అదే చేయిస్తున్నాను. దారి చూడకుండా సంతకం చెయ్యనంటే షావుకార్లకి గిట్టదు. గిట్టకపోతే పోనీ.

మీకు ఫిట్ అని ఎవరైనా రాయబోతే, మీరు మోసే బరువుతో, మీరు దిగే దారిలోనే పరీక్షించమని పట్టుబట్టండి. వాళ్లు విసుక్కున్నా సరే, ఊరుకోకండి. సోములు నాకు చెప్పాడు, నేను విసుక్కున్నాను. అతను ఈ రోజుకీ కావిడి ఎత్తలేదు.