మా సంఘంలో ఏకగ్రీవం

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో మా ఆఫీసు చుట్టూ లంచ్ తర్వాత ఒక రౌండ్ నడవడం నాకూ, బీజింగ్ నుంచి వచ్చిన నా సహోద్యోగికీ అలవాటు. వాళ్ళ దేశంలో చదువుకున్నవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి తెగని వాదన ఒకటుందని చెప్పేవాడు. కింది పనుల్లో పరీక్షించి, సమర్థుణ్ణీ మంచివాణ్ణీ పైకి తీసుకొస్తే పాలన దానంతటదే బాగుపడుతుందని ఒక పక్షం. ఎంత మంచివాడైనా చట్టానికి లోబడాలి, దిగిపొమ్మనే దారి జనానికి ఉండాలని రెండో పక్షం. వాళ్ళ నాన్నది మొదటిది, ఇతనిది రెండోది. ఫోన్‌లో ఆ మాట వస్తే ఇద్దరికీ చిరాకేనట. నేను మాత్రం పెద్ద తెలిసినదానిలా, "మాకా గొడవ లేదు. ఓటు వేస్తాం, అంతే" అనేదాన్ని.

ఆ ఏడాది మా తెలుగు సంఘం అధ్యక్ష పదవికి నామినేషన్ వేశాను. ఎవరూ రెండుసార్లకు మించి ఆ కుర్చీలో ఉండకూడదన్న నియమం తేవాలని నా పట్టుదల. సంఘాన్ని నడుపుతున్న రిటైర్డ్ ఇంజనీరు, మేమంతా అంకుల్ అని పిలిచే ఆయన, అప్పటికి ఐదోసారి కూర్చోబోతున్నారు.

శనివారం అంకుల్ ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆంటీ చేసిన సున్నుండల డబ్బా నా చేతిలో పెట్టారు.

"మనలో మనకి కాంటెస్ట్ ఏంటమ్మా? యునానిమస్‌గా చేసేద్దాం. పిల్లలు చూస్తే ఏమనుకుంటారు? నీకు కల్చరల్ సెక్రటరీ ఇస్తాం. నెక్స్ట్ టైమ్ నువ్వే."

"మరి ఆ రూల్, అంకుల్?"

"నేనున్నాగా. చూద్దాంలే."

ఆయన చెడ్డవాడైతే కొట్లాడేదాన్ని. నేను ఈ ఊరికి కొత్తగా వచ్చి జ్వరంతో పడుకుంటే వారం రోజులు క్యారేజీ తెచ్చిచ్చిన మనిషి. టీ ఇచ్చి, వాళ్ళ ముందే విత్‌డ్రా చేసుకుంటున్నానని మెయిల్ పంపాను. వాళ్ళు వెళ్ళాక ఒళ్ళు మండిపోయింది, వాళ్ళ మీదకన్నా నా మీదే ఎక్కువ. ఆ సున్నుండలు మాత్రం మూడు తిన్నాను.

సోమవారం నడుస్తుంటే సహోద్యోగి ఎన్నిక ఎప్పుడని అడిగాడు. జరిగింది చెప్పాను. అంకుల్ మంచివాడని రెండుసార్లు అన్నాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేసినా బాగుండేది.

"మా నాన్న కూడా 'ఆయన మంచివాడు' అనే మొదలుపెడతాడు" అన్నాడు. పార్కింగ్ దాటాక మళ్ళీ అడిగాడు, "ఆయన్ని దిగమనాలంటే ఇప్పుడు ఎవరిని అడగాలి?"

"ఆయన్నే" అన్నాను.