సైడ్ కవర్ విరిగిన రోజు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లు ఉండగా, వరద మా అరుగెక్కి నాన్నగారి మోటారుసైకిల్‌ని సీటుదాకా ముంచేసి పోయింది. రావులపాలెం దగ్గర గోదావరి లంక మాది. అమ్మ పురుటికని పట్టిసీమ వైపు పుట్టింటికి వెళ్లింది. ఫోన్లు పనిచేయవు, బస్సులు తిరగవు. అమ్మకి పురుడు వచ్చిందో లేదో, ఎలా ఉందో ఆరు రోజులుగా కబురు లేదు. ఆ బండి కదిలితే తప్ప తెలిసే దారి లేదు.

నీరు తీసిన మర్నాడు పొద్దున్నే నాన్నగారు అరుగు మీద బండి విప్పడానికి కూర్చున్నారు. అప్పటికే ఆయన ఒంట్లో సత్తువ లేదు. ఇంట్లో చేరిన ఒండ్రు ఎత్తిపోసి ఎత్తిపోసి అరచేతులు పొక్కిపోయాయి. సీటు తీశారు. ట్యాంకు ఊడదీసి, నీళ్లు కలిసిన పెట్రోలు ఒంపేశారు. ప్రతి బోల్టునీ తుడిచి, ఊడదీసిన వరసలోనే పాత చీర మీద పెడుతున్నారు. ఆ నిదానం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ అక్కడ ఎలా ఉందో తెలియదు, ఈయనేమో బోల్టులు సర్దుకుంటున్నారు! అంతలో పానా చేతిలో ఉండగానే గోడకి చేరబడి కునుకు తీశారు. ఆయనకి అమ్మంటే లెక్కే లేదని ఆ క్షణాన గట్టిగా నమ్మేశాను.

ఇక సైడ్ కవర్లే కదా, నేనే తీసేద్దామని ఒకదాన్ని రెండు చేతులా పట్టుకుని బలంకొద్దీ లాగాను. ఠప్పుమని విరిగి ముక్క చేతికొచ్చింది.

ఆ చప్పుడుకి నాన్నగారు లేచారు. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. కొట్టలేదు. కోప్పడే ఓపిక కూడా లేదేమో. నన్ను బండికి రెండో వైపు కూర్చోబెట్టారు.

"లాగకమ్మా. ఎక్కడ పట్టుకుందో ముందు వేలితో తడిమి చూడు."

తడిమాను. ఆ వైపు కవరు వెనక మూడుచోట్ల మేకుల్లాంటివి రబ్బర్లలో దిగి ఉన్నాయి. వాటి చుట్టూ ఒండ్రు ఎండి బిగుసుకుపోయింది. సబ్బునీళ్లు పోసి, నానేదాకా ఆగమన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఇంత మెల్లిగా చేస్తే అమ్మ దగ్గరికి ఎప్పుడెళ్తారని అడిగేశాను.

"నాకూ తొందరేనమ్మా," అన్నారు నా వైపు చూడకుండా. "అందుకే మెల్లిగా చేస్తున్నాను. ఒక్క బోల్టు పోయినా ఇవాళ వెళ్లలేను."

ఒక్కో చోటా కొంచెం కొంచెం కదిపితే ఆ కవరు విరగకుండా వచ్చేసింది. కార్బొరేటర్‌లో బురద కడిగి, ప్లగ్గు తుడిచి, మధ్యాహ్నానికి అన్నీ బిగించి, అటక మీద సీసాలో దాచిన పెట్రోలు పోశారు. విరిగిన కవర్ని నా జడ రిబ్బనుతో కట్టారు. కాలు నొప్పెట్టేదాకా కిక్కు కొడితే గానీ బండి స్టార్ట్ కాలేదు. నన్ను పక్కింటి అక్కకి అప్పజెప్పి, అన్నమైనా తినకుండా వెళ్లిపోయారు.

తమ్ముడు పుట్టి అప్పటికి మూడు రోజులట. తల్లీ బిడ్డా క్షేమం. ఇంటికి వచ్చాక అమ్మ ఒకసారి చెప్పింది. "మీ నాన్నగారు గుమ్మంలోంచి నన్ను చూసి, అక్కడే చతికిలబడి ఏడ్చేశారే." నేను తల దించుకున్నాను.

చాలా ఏళ్ల తరవాత మా అబ్బాయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. నేను ఏ మందు ఎప్పుడు వెయ్యాలో కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాను. కళ్లు మూతలు పడుతున్నాయి. "నీదేం రాతిగుండె తల్లీ!" అన్నారు మా అత్తగారు. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. తొమ్మిదేళ్లప్పుడు మా నాన్నగారి గురించి నేనూ అదే అనుకున్నాను.