ఎర్రబడని టమాటలు

మా పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను మంచిర్యాలలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. తోటలో టమాటలు తెంపుతూ ఛాతీ పట్టుకొని కూలబడిందట. ఆటో వచ్చేలోపే అంతా అయిపోయింది. నేను వెళ్లేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. వేళ్లకు చెట్ల పసరు నల్లగా అంటుకొని ఉంది. ఎంత కడిగినా పోలేదని మా అవ్వ ఏడ్చింది.

పెద్దమ్మ మా అవ్వకు, అంటే మా అమ్మకు, అక్క. శ్రీరాంపూర్ బొగ్గు గనుల అవతల వాళ్లకు కొద్దిపాటి చెలక భూమి ఉంది. ఏళ్ల తరబడి పత్తే వేశారు. ఒకసారి చెన్నూరు వైపు పెళ్లికి వెళ్లి, చుట్టాల పెరట్లో గుత్తులు గుత్తులుగా కాసిన గులాబీ రంగు టమాటను చూసి మనసు పారేసుకుంది. పెళ్లికి పెట్టిన చీరను అక్కడే మరిచిపోయి, నారు మాత్రం తడిగుడ్డలో చుట్టుకొని వచ్చింది. ఆ చీర పేరు చెప్పి ఆమె భర్త, మా పెద్దబాపు, ఆమెను ఎన్నేళ్లు ఏడిపించాడో!

ఇది చదువుతున్న మీరు కూడా టమాట అంటే ఎర్రదే అనుకుంటారు. వాళ్లూ అలాగే అనుకున్నారు. మొదటి ఏడాది చెట్లు విరగకాశాయి. కాయ గులాబీ రంగుకు వచ్చి ఆగింది. "ఇంకా ఎర్రవడలే, ఆగు," అని పెద్దబాపు తెంపనివ్వలేదు. అది ఎర్రబడే జాతి కాదని ఇద్దరికీ తెలియదు. చూస్తుండగానే పండ్లు మెత్తబడి, పగిలి, చెట్ల కిందే రాలిపోయాయి. ఊరంతా నవ్వింది.

"మల్ల పత్తే ఏద్దాం," అన్నాడు పెద్దబాపు.

"చెట్టు దాని పని అది చేసింది. మనకే తెంపుడు రాలే," అంది పెద్దమ్మ. మిగిలిన పండ్ల గింజలు ఎండబెట్టి దాచింది. అంగట్లో గిరాకీ కుదరకపోతే మళ్లీ పత్తికే ఇస్తానని మాట ఇచ్చి ఆ భూమి దక్కించుకుంది.

అసలు కష్టం నస్పూర్ వారపు అంగట్లో మొదలైంది. గని కార్మికుల ఇళ్ల ఆడవాళ్లు వచ్చి చూసి, "పచ్చిగున్నయి గదా," అని పక్క కుప్పలో ఎర్రవి కొనుక్కునేవారు. పక్కన కూర్చున్న నాకు ఏడుపొచ్చేది. ఆమె మాత్రం కాయ కోసి, ఉప్పద్ది, దారిన పోయేవాళ్ల చేతిలో పెట్టేది. ఎవరైనా బొటనవేలితో వొత్తితే ఊరుకునేది కాదు. "పసిపోరని బుగ్గ అనుకున్నవా? నోట్లేసుకొని సూడు!" అని కసిరేది. నిజానికి ఆ కాయ తోలు చాలా పలచన. గంపలో వరిగడ్డి పరిచి ఒక్క వరుసే పేర్చుకొని వచ్చేది. సగం గంప మిగిలిపోయినా, "అడిగి పోయినోళ్లు గూడ గిరాకే బిడ్డా, ఫికర్ చెయ్యకు," అనేది. ఆ మాట పట్టుకొని నేను చాలా కష్టాలు దాటాను.

ఈ చలికాలం కొంచెం కొంచెం కొంటున్నారని ఫోన్లో చెప్పింది. అంత సంతోషంగా ఆమె మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

దినాలయ్యాక తోటలోకి వెళ్లాం. చెట్ల నిండా పండ్లు. తెంపబోతే పెద్దబాపు వద్దన్నాడు. "పండించుడు నాకొస్తది. అంగట్ల కూసొని పిలుసుడు నాకు రాదు బిడ్డా. ఆమె లేంది నాకెందుకు గీ పంట?" అన్నాడు. మరునాడే తోటలోకి మేకలను తోలించాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఆయన ముఖం చూశాక పక్కన కూర్చుండిపోయాను.

పోయిన వారం నస్పూర్ అంగడికి వెళ్లాను. పెద్దమ్మ కూర్చునే చోట ఎవరో ప్లాస్టిక్ బకెట్లు పెట్టుకున్నారు. పక్కన ఎప్పటిలాగే మిరపకాయలు అమ్మే ఆమె ఉంది. నన్ను చూసి కళ్లు తుడుచుకుంది. మేం మాట్లాడుకుంటుండగా ఒకావిడ సంచి పట్టుకొని వచ్చింది.

"గులాబీ టమాటలు తెచ్చే అవ్వ ఇయ్యాల రాలేదా?" అని అడిగింది.

మిరపకాయలామె నా వైపు చూసింది.

"మొదలు పచ్చియని కొనకపోతుంటి. ఇప్పుడు మా ఇంట్ల పోరగాళ్లు ఎర్రయి ముడ్తలేరు. మా క్వార్టర్లల్ల అందరు నన్నే తెమ్మంటున్నరు," అంది ఆవిడ నవ్వుతూ.

"ఎర్రయి మస్తు అగ్గువకున్నయి, సగం ధరకే ఇస్తున్నరు, తీస్కపో," అంది మిరపకాయలామె తల ఎత్తకుండా.

"వద్దు. వచ్చే అంగడికి ఆమె వచ్చినంకనే తీస్కపోత."

ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకొని, ఎర్ర టమాటల కుప్పల మధ్య నుంచి ఆవిడ వెళ్లిపోయింది.