తాండూరులో తాళంచెవి, వికారాబాదులో వరద

వాన కురిపించే పని వరుణదేవుడిదని అందరూ అంటారు. తాండూరు దుకాణంలో కాళ్లు చాపుకుని కూర్చుని, రైలెక్కి పోవలసినంత దూరాన వికారాబాదులో ఒకరింట్లోకి వరద పంపిన మానవుణ్ణి మాత్రం నన్ను తప్ప ఇంకొకణ్ణి నేను చూడలేదు. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి. మీలో రెండిళ్ల యజమానులుంటే మాత్రం కాస్త మెల్లగా నవ్వండి.

పోలీసు యాక్షన్ అయిపోయి ఊళ్లు కుదుటపడ్డ రోజులవి. నాది తాండూరులో బండల వ్యాపారం. బడిలో పెద్దగా చదవలేదు. బెల్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివి పండితుణ్ణయ్యాను. అలాంటి చదువుతో ఒక చిక్కుంది. కారణం తెలియని విషయం ఏదైనా ఎదురైతే ముద్ద గొంతు దిగదు.

మా ఆవిడ రాజమ్మకు దగ్గు పట్టుకుంటే, అనంతగిరి గాలి తగిలితే పోతుందన్నాడు డాక్టరు. తెలివైనవాడైతే నాలుగు రోజులు అద్దెకుండేవాడు. నేను వికారాబాదులో ఇల్లే కొన్నాను. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు మూడోది చెప్పడం మరిచిపోయారు: రెండో ఇల్లు కొని పక్కింటివాళ్లను చూడు!

పక్కిల్లు సాయవ్వది. మొగుడూ కొడుకులూ గొర్ల మంద వెంట తిరుగుతుంటే ఇంటిని ఆమే కాచుకునేది. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. మేము దిగిన రోజే వచ్చి మా గడప ముందు కూర్చుంది.

"పోయేటప్పుడు తాళంచెవి నా తాన పెట్టిపో కొడుకా. మనిషి లేని ఇల్లు ఊకుండది."

"ఊకుండక ఏం చేస్తది? లేసి నడుస్తదా?"

"నడ్వది. కురుస్తది, కూలుతది, పాముల్ని పిలుస్తది. మునుపటాయన నాకే ఇచ్చి పోతుండె. వాకిలి ఊడ్సి దీపం పెడ్తుంటి."

"నా ఇంటికి నీ దీపమెందుకవ్వా? నాది అలీగఢ్ తాళం!"

"అలీగఢ్ తాళం వానొస్తె మోరీ తీస్తదా?" అని లేచి వెళ్లిపోయింది. రాజమ్మ మూతి తిప్పుకుని నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

బండల వ్యాపారి ఇంట్లో మట్టి కనబడితే పరువేం కావాలి? తాండూరు నుంచి బండలు తెప్పించి లోపలి గదులన్నీ పరిపించాను. తర్వాత పెరటికి దిగాను. మేస్త్రీ గోడ దాకా రాగానే గోడ మీద సాయవ్వ తల లేచింది.

"ఓ సావుకారీ, గోడ పొంటి మూరెడు మట్టి జర వదిలిపెట్టు."

"ఎందుకు?"

"ఎందుకంటే గట్లనే."

"గట్లనే అంటే ఎట్ల? కారణం చెప్పు."

"కారణం చెప్తె బండలు పరువవా?"

"చెప్తే ఆలోచిస్త."

"ఆలోచించేటోనికి చెప్పను పో," అని తల దిగిపోయింది.

అంతే, నాలో ఆరాలు మొదలయ్యాయి. మూరెడు మట్టే ఎందుకు? ఆ గోడ పక్కనే ఎందుకు? చెప్పడానికి అంత గుట్టెందుకు? అన్నం ముందు కూర్చుంటే మూరెడు మట్టి, పడుకుంటే మూరెడు మట్టి. చివరికి జ్ఞానోదయమైంది. గడబిడ రోజుల్లో జనం నగానట్రా భూమిలో దాచి ఊళ్లు విడిచి పోయారు కదా! ఈ ఇంటి మునుపటాయనా దాచి ఉంటాడు. ఈమెకు తెలిసి ఉంటుంది. నాలాంటి తెలివితేటలు దేశానికి ఉపయోగపడకుండా పోయాయే అని ఆ మధ్యాహ్నమంతా బాధపడ్డాను.

మర్నాడు మేస్త్రీని ఏదో వంక పెట్టి పంపేశాను. సాయవ్వ గొర్ల దగ్గరికి పోవడం చూసి గడ్డపార పట్టాను. అమ్మిన బండల లెక్కే తెలిసిన చేతులు, గడ్డపార పట్టేసరికి అరచేతులు పూరీల్లా పొంగాయి.

రాజమ్మ వచ్చి నిలబడింది. "ఏం తవ్వుతున్నరు?"

"పునాది చూస్తున్న."

"పునాదికి మీరేం కనబడ్తున్నరో!"

గోడ పొడుగునా నడుం లోతు తవ్వాను. ఒక పాత గుర్రపునాడా, పగిలిన చిలుం దొరికాయి. సాయవ్వ వచ్చే వేళయిందని గబగబా మట్టి లోపలికి నెట్టి, దిమ్మిస కొట్టకుండానే పైన బండలు పరిచేశాను. పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. గుల్ల మట్టి మీద బండ వేస్తే కుంగుతుందని తాండూరులో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. బండలమ్మి బతికే నాకు తెలియలేదు. నిధి దొరకని దుఃఖంలో ఉన్నాను మరి! అలీగఢ్ తాళం బిగించి, చెవి జేబులో వేసుకుని, పెళ్లాన్ని తీసుకుని తాండూరు రైలెక్కాను.

ఆషాఢంలో ముసురు పట్టింది. ఒకనాడు దుకాణంలో బేరగాళ్లకు బండల నునుపు వర్ణిస్తున్నాను. మెట్ల మీద గొంగడి నెత్తిన కప్పుకుని, నీళ్లు కారుతూ సాయవ్వ!

"తాళంచెవి ఇయ్యి."

"ఏమైందవ్వా?"

"నీ ఇల్లు మా ఇంట్ల ఉచ్చ పోస్తున్నది."

బేరగాళ్లు బండలు మరిచి నన్ను చూడసాగారు.

"తాళం పగలగొట్టకపోయినవా?" అన్నాను గొంతు తగ్గించి.

"మంది తాళం పగలగొట్టుడు మా గల్లిల లేదు. గందుకే టికెట్టు కొనుక్కొని వచ్చిన."

ఆమె వెంటే రైలెక్కాను. వికారాబాదులో దిగి ఇంటి ముందుకొస్తే గల్లీ అంతా గొంగళ్లు కప్పుకుని నిలబడి ఉంది. నేను దర్జాగా జేబులోంచి చెవి తీసి తాళంలో పెట్టాను. తిరగలేదు. మళ్లీ తిప్పాను. అప్పుడు వెలిగింది: తొందరలో దుకాణం చెవి తెచ్చాను. ఇంటి చెవి దుకాణం లోపలుంది!

"అలీగఢ్ తాళం మంచిదే, ఇంటాయన్ను కూడ లోపటికి రానిస్తలేదు," అన్నారెవరో.

చివరికి నా ఇంటి గోడ నేనే దొంగలా ఎక్కాను. ఎక్కినవాణ్ణి దిగడం తెలియక, దబ్బున అవతల పడ్డాను. దెబ్బ తగల్లేదు. ఎందుకంటే అక్కడ చెరువుంది. గోడ పక్క బండలు కుంగి, పెరటి నీళ్లన్నీ అక్కడే చేరి, గోడ కింద నుంచి సాయవ్వ ఇంటివైపు దారి చేసుకున్నాయి. నీళ్లు బయటికి పోయే మోరీ చెత్తతో మూసుకుపోయి ఉంటే తీశాను. కుంగిన బండలను గడ్డపారతో పెకలించాను. వెయ్యి మందికి అమ్మిన బండలను నా చేత్తో పగలగొడుతుంటే గోడ అవతల సాయవ్వ తన వాకిట్లో ఒకచోట మట్టి తీయించసాగింది.

అప్పుడు బయటపడింది కారణం. అక్కడ జొన్నల పాతర ఉంది! భూమిలో కుండలా తవ్వి, లోపల గడ్డి పేర్చి, ఏడాది తిండి పోసి మూసిన పాతర. బండల మీది నీళ్లు గోడకు చేరి దానివైపు పోకూడదనే మూరెడు మట్టి అడిగింది. లోపలి ఆవిరి పోయేదాకా ఆగి తీస్తే, గోడవైపు జొన్నలు ఉబ్బి, పులిసిన వాసన కొడుతున్నాయి. సాయవ్వ గుప్పెడు తీసి చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు అప్పుడు నవ్వు రాలేదు. ఇప్పుడూ రాదు.

"ముందే చెప్తే అయిపోతుండె గదా అవ్వా," అన్నాను నీళ్లు నములుతూ.

"పాతర జాడ గల్లీల మనిషికి చెప్తరు. తాళంచెవి ఇయ్యనోడు గల్లీల మనిషెట్లయితడు?"

ఇంత చదివాను గానీ ఈ వాక్యం ఏ బెల్లం కాగితం మీదా కనబడలేదు.

బయట ముసురు. తడి జొన్నలు ఆరాలంటే పొడి నేల కావాలి. గల్లీలో అంతటి పొడి నేల, నునుపైన నేల ఒక్కటే ఉంది: నా గదులు! తాళం పగలగొట్టండని నేనే బతిమాలాను. గల్లీవాళ్లు ఒప్పుకోక, గడ్డపార నా చేతికే ఇచ్చారు. పగలగొట్టాను. గంపలతో జొన్నలు తెచ్చి గది గదికీ పరిచారు. మంచం కిందా జొన్నలే, నా పుస్తకాల చుట్టూ జొన్నలే. అవి ఆరేదాకా యజమానిని నేను వరండాలో సాయవ్వ గొర్రెపిల్లల పక్కన పడుకున్నాను. పాడైనవాటికి బదులు తాండూరు నుంచి బస్తాలు పంపితే సాయవ్వ మొహమాటపడలేదు. "వద్దంటె నన్ను మంచిదంటరు, కడుపు నిండది," అని దింపించుకుంది.

కొత్త తాళం చెవి ఆమె ఇంటి చిలక్కొయ్యకెక్కింది. మేమెప్పుడు పోయినా ముందు ఆమె తలుపు తట్టవలసిందే. "ఎవరూ?" అనేది, తెలిసి కూడా.

ఇప్పుడు అనంతగిరి చుట్టూ శని ఆదివారాల దొరలు వెలిశారు. ఇంటికి అందమైన పేరు పెడతారు, పక్కింటివాడి పేరు అడగరు. గేటుకు కుక్క బొమ్మ, వాన నీళ్లు పక్కవాడి చేనుకు! వాళ్లను తిట్టబోయినప్పుడల్లా నా అరచేతులు దురద పెడతాయి.

జొన్నలు తిరిగి పాతరకు చేరిన రోజు సాయవ్వ తీరిగ్గా అడిగింది.

"అవునుగని కొడుకా, గోడ పొంటి ఏం తవ్వినవు?"

"పునాది చూసిన."

"ధనం కోసం తవ్వినవు గదా?"

నేను బండల నునుపు చూస్తున్నాను.

"తవ్వేటోనివి నన్ను అడుగొద్దా! ఇంకో మూరెడు ఇవతల, మా దిక్కు తవ్వితె నిండ దొరుకుతుండె."

అందుకే ఆ జొన్నల సాక్షిగా శపథం చేశాను. ఈ జన్మలో మూడో ఇల్లు కొనను. మళ్లీ ఎప్పుడైనా నిధి తవ్వవలసి వస్తే, ముందు పక్కింటివాళ్లకు తాళంచెవి ఇచ్చి, ఎక్కడ తవ్వమంటారో అడిగే తవ్వుతాను.