బండి మీద వెనుక సీటు

మా రిసార్టులో అందరూ ఈ సంగతిని ఒకలాగే చెప్పుకుంటున్నారు, నేను స్నేహితుడి మీద చాడీ చెప్పానని. నేను చెప్పింది ఒక మోటారు గురించి. ఆ నిజం ఎక్కడో ఒకచోట ఉండాలని రాస్తున్నాను.

బడి చదువు తక్కువే అయినా చేవెళ్ల గ్రంథాలయంలో కార్మిక చట్టాల పుస్తకాలు వదలకుండా చదివాను. ఫిర్యాదు చేసినవారి పేరు బయటపెట్టకూడదని అక్కడే తెలుసుకున్నాను. మొయినాబాద్ దగ్గరి రిసార్టులో తోటమాలిని. ముడిమ్యాల నుంచి రోజూ అక్కడి ఎలక్ట్రీషియన్ అయిన నా స్నేహితుడి బండి వెనుక కూర్చుని వెళ్లేవాణ్ణి. చదివినవి దారిలో చెబుతుంటే నవ్వేవాడు. "లాయరు కావాల్సినోనివి అన్నా, గడ్డి కోసుకుంట కూసున్నవ్."

లాన్‌కు నీళ్లు పెట్టే మోటారు స్విచ్ డబ్బా షాక్ కొట్టేది. ఊడ్చే అవ్వ తడిచేతులతో ముట్టుకుని ఒకరోజు పడిపోయింది. ఆ సాయంత్రం నేనొక్కణ్ణే మేనేజర్ గదికి వెళ్లి, తలుపు వేసి చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. మర్నాడు హాజరు వేసేటప్పుడు అందరి ముందూ నన్ను చూపించాడు.

"అన్న చెప్పిండు, మోటరు కాడ షాక్ వస్తున్నదట. ఇక్కడ కరెంటు పని ఎవరిది?"

ఎలక్ట్రీషియన్ తల దించుకున్నాడు. కొత్త డబ్బా కావాలని అతను ఎన్నోసార్లు అడిగాడు. తర్వాత చూద్దామన్నది ఈ మేనేజరే. ఆ మాట చెప్పబోతే అతనే నన్ను చేత్తో ఆపాడు. మేనేజర్ అతణ్ణి విడిగా పిలిచి అడిగి, ఏం చేస్తారో నాకు చెప్పి ఉంటే అంతటితో అయిపోయేది.

సాయంత్రం బండి దగ్గర అతను నా వైపు చూడలేదు. పేరు దాచాలని పుస్తకంలో ఉంది కాబట్టే చాటుగా వెళ్లానన్నాను.

"నన్ను తోలుకపోతే ఇద్దరం అడుగుదుము గద అన్నా. ఒక్కనివే పోయినవ్."

వెనుక ఎక్కబోయాను. అతను నన్ను ఎక్కించుకోకుండానే వెళ్లిపోయాడు.

డబ్బా మార్చారు. మార్చింది అతనే. ఆ సంగతి నాకు మేనేజర్ చెప్పలేదు, అవ్వ చెప్పింది. ఇప్పుడు బస్సులో వెళ్తున్నాను. స్టాపులో నిలబడి ఉండగానే అతని బండి ముందు నుంచి పోతుంది, వెనుక సీటు ఖాళీగా.

మూసే వేళ దాటినా నన్ను లేవమనని లైబ్రేరియన్‌కు, ఇప్పటికీ నా పక్కన కూర్చుని అన్నం తినే అవ్వకు, ఆ డబ్బా మార్చిన స్నేహితుడికి కృతజ్ఞతలు. అడగకుండా ఎవరి పేరూ రాయదలచుకోలేదు. లైబ్రేరియన్ తన పేరెందుకన్నాడు, అవ్వ వద్దంది. స్నేహితుణ్ణి అడుగుదామంటే మా మధ్య ఇంకా మాటల్లేవు.