హోదాకు తగని పాట

నా గొంతు పెద్దది. చిన్నప్పుడు రామకృష్ణాపూర్ కార్మికుల కాలనీలో మైకు లేకుండా పాడితే అవతలి క్వార్టర్ల లైన్లలో బట్టలుతికేవాళ్లు తలెత్తి చూసేవారు. పెళ్లయ్యాక గోదావరిఖని వచ్చాను. మా ఆయన గనిలో మామూలు ఉద్యోగిగా ఉన్నంతకాలం నా పాటతో ఎవరికీ పేచీ రాలేదు. ఆఫీసరయ్యాడు, పేచీ మొదలైంది.

ఏటా కంపెనీ జరిపే మా గనుల పండుగ సభల్లో కుర్చీలకు కూడా గ్రేడులుంటాయి. పెద్దసార్ల భార్యలకు మొదటి వరసలో సోఫాలు, తర్వాత మెత్తటి కుర్చీలు, ఆ వెనక ప్లాస్టిక్ కుర్చీలు. మొగుడికి ప్రమోషన్ వస్తే పెళ్లాం ఒక వరస ముందుకు జరుగుతుంది. అలా జరిగి జరిగి నేను సోఫా దాకా వచ్చాను. సోఫాలోవాళ్లు చప్పట్లు కొట్టాలి, పాడకూడదు. ఈ రూలు ఎక్కడా రాసి లేదు గాని అందరికీ నోటికి వచ్చు. నేనూ ఏళ్లకేళ్లు నోరు మూసుకున్నాను.

పోయినేడు ఫోన్లో ఏదో వెతుకుతుంటే పందొమ్మిదో శతాబ్దపు జర్మనీ గాయని ఒకామె కథ కనబడింది. ఒపెరాలో పాడేదట. అంటే కథంతా పాటలోనే నడిచే నాటకం, మన యక్షగానం లాంటిదనుకోండి. అంత పెద్ద వాద్యబృందాన్ని దాటి మైకు లేకుండా గొంతు వినిపించాలి. చిన్నతనంలోనే వేదికెక్కి దేశదేశాల్లో పేరు తెచ్చుకుంది. దర్బారులో హోదా ఉన్నవాణ్ని చేసుకుంది. ఆ హోదాకు పాట తగదన్నారు, మానేసింది. ఏళ్ల తర్వాత మళ్లీ వేదికెక్కితే జనం విరగబడి వచ్చారట. ఆమె గొంతు విందామని ఎంత వెతికినా దొరకలేదు. అప్పటికి రికార్డు చేసే యంత్రమే పుట్టలేదు. నాకు ఒళ్లు మండింది. హోదా కోసం ఆమె మింగేసిన పాటలు ఇక ఎవరికీ దొరకవు.

ఆ మంట మీద ఉండగానే ఒకప్పుడు నేను పాడిన కార్మికుల పాటల బృందంలో డప్పు కొట్టే, నేను కాక అని పిలిచే పెద్దాయన ఇంటికొచ్చాడు.

"బిడ్డా, పండుగ సభల పాడాలె. పైకి ఎత్తే గొంతు లేదు మాకు. వస్తవా?"

"వస్త కాక," అన్నాను.

రాత్రి ఈ సంగతి చెప్పగానే మా ఆయన అన్నం ముందు నుంచి లేచాడు. "లేబరోళ్లతోని స్టేజీ మీద పాడుతవా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"మా నాయిన బొగ్గు నింపినోడే. మీ నాయిన గూడ గంతే. గప్పుడు పోని ఇజ్జత్ ఇప్పుడెట్ల పోతది?"

సభ రోజు తిన్నగా స్టేజీ వెనక్కి పోయి, మా వంతు రాగానే పైకెక్కి జంపఖానా మీద బృందంతో కూర్చున్నాను. మొదటి చరణంలోనే గొంతు జీరబోయింది. భయమేసింది, దాచేదేముంది. కాక డప్పు తగ్గించబోతే వద్దని చెయ్యి ఊపాను. రెండో చరణానికి గొంతు తెరుచుకుంది. ప్లాస్టిక్ కుర్చీలవాళ్లు లేచి నిలబడ్డారు. సోఫాలవాళ్లు చప్పట్లు కొట్టాలా వద్దా అని పెద్దసారు మొహం చూశారు.

ఇంటికొచ్చాక మా ఆయన తలుపేసి నా వైపు తిరిగాడు. "పాడినవు గద. మనసు నిండింది గద. ఇగ బంద్ చెయ్యి," అన్నాడు.

"వచ్చే ఆదివారం మంచిర్యాలల పాట ఉన్నది. పొద్దున్నే పోత," అన్నాను. "అన్నం నువ్వే వండుకో."