మేస్త్రమ్మ తోడేసిన డ్రమ్ము

రేవులో ఏ పడవ ఇంజన్‌కు జబ్బు చేసినా ధార మేస్త్రీ దగ్గరికే మోసుకొస్తారు. ఆయనకు ఆ పేరు ఊరికే రాలేదు. పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్‌కు పక్కన ఒక చిన్న కన్నం ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపూ అందులోంచి సన్నటి నీటిధార పడుతూ ఉండాలి. పడుతోందంటే, కింద నుంచి తోడుకున్న నీళ్ళు లోపలంతా తిరిగి ఇంజన్‌ను చల్లబరుస్తున్నాయన్నమాట. పడలేదా, కాసేపట్లో మాడి మసైపోతుంది. అందుకే మేస్త్రీ ఎవరు ఎదురైనా క్షేమం కంటే ముందు "ధార పడుతోందా?" అని అడుగుతాడు. ఆస్పత్రిలో పడుకున్న చుట్టాన్ని కూడా అలాగే అడిగి నర్సు చేత చీవాట్లు తిన్నాడు.

ఆయన భార్యను అందరూ మేస్త్రమ్మ అంటారు. ఇల్లూ షెడ్డూ ఒకే రేకుల కప్పు కింద. ముప్పై ఏళ్ళుగా ఆయన నల్లనూనె అంటిన బూట్లతో లోపలికి రావడం, ఆవిడ వెనకాలే గుడ్డ పట్టుకుని నేల తుడవడం. "ఈ మనిషి ఆ పానాలు అవతల పారేసి, నాలుగు రోజులు కుదురుగా ఇంట్లో కూర్చుంటే చాలు, ఇంకేం అడగను" అని గోడలకు చెప్పుకునేది. గోడలైనా విన్నాయో లేదో.

ఒక రోజు ఆవిడ సొంత తమ్ముడే ఇంజన్ తెచ్చాడు. జనాన్ని అవతలి ఒడ్డుకు దాటించే పడవ అతనిది. "బావా, ధార ఆగిపోయింది. కొంప మునిగింది" అన్నాడు.

"నేనుండగా నీ కొంప ఎందుకు మునుగుతుందిరా!" అంటూ మేస్త్రీ ఇంజన్‌ను పడుకోబెట్టి, అడుగున నీళ్ళు పీల్చుకునే జాలీ చూశాడు. ప్లాస్టిక్ కవరొకటి దానికి అతుక్కుని హాయిగా కూర్చుంది. లాగి పారేశాడు. ఇంజన్‌ను చట్రానికి బిగించి, జాలీ ఉండే దాని కింది కాలు డ్రమ్ములో దింపి, అంచు దాకా నీళ్ళు పోసి, చిందకుండా పైన గోనెపట్టా కప్పాడు. "చూశావా, అయిపోయింది. పద, టీ తాగొద్దాం" అని బావమరిది భుజం మీద చెయ్యేసి సందు చివరి కొట్టుకు వెళ్ళాడు.

వాళ్ళటు వెళ్ళగానే మేస్త్రమ్మ గుడ్డ అందుకుంది. ఆ వేళకు కుళాయి రాదు. డ్రమ్ము మాత్రం నిండుగా ఉంది. గోనెపట్టా అంచు ఎత్తి మూడు బకెట్లు ముంచుకుంది. 'అంత డ్రమ్ములో మూడు బకెట్లు పోతే ఏమవుతుందిలే' అనుకుంది, పట్టా మళ్ళీ చక్కగా సర్దింది.

మేస్త్రీ వచ్చి తాడు లాగాడు. ఇంజన్ ఉరిమింది. ధార పడలేదు. చటుక్కున ఆపేశాడు. "కన్నంలో ఇసుక పట్టినట్టుంది" అని సన్న తీగ పెట్టి పొడిచాడు. ఇసుక లేదు, ధారా లేదు. అయితే నీళ్ళు తోడే రబ్బరు చక్రం అరిగి ఉంటుందన్నాడు. ఇంజన్‌ను గొలుసుతో పైకి లేపి, కాలు ఊడదీసి, కొత్త చక్రం వేసి, మళ్ళీ దింపి, పట్టా కప్పాడు. లేపాడు, దింపాడు గానీ ఆ మనిషి డ్రమ్ములోకి ఒక్కసారి తొంగి చూస్తేనా! ఇంజన్‌కు జబ్బు చేస్తుందని ఆయనకు తెలుసు. డ్రమ్ముకు కూడా చేస్తుందని ఎవరూ చెప్పలేదు. ఈలోగా ఆయన బూట్లు వంటింటి దాకా నాలుగుసార్లు వచ్చి వెళ్ళాయి. ఆవిడ ఇంకో మూడు బకెట్లు ముంచింది.

ధార పడలేదు.

మిగిలింది థర్మోస్టాట్. అంటే నీళ్ళు వేడెక్కితే తెరుచుకునే చిన్న మూత. దాన్ని ఊడదీసి, మేస్త్రమ్మ పాలు కాచే గిన్నెలో వేసి మరగబెట్టాడు. అది బుద్ధిగా తెరుచుకుంది. మేస్త్రీ మొహం మాడిపోయింది. పాలగిన్నె చూసి మేస్త్రమ్మ మొహం అంతకంటే మాడింది. ఆ గిన్నె తోమడానికీ, నేల కడగడానికీ మళ్ళీ మూడు బకెట్లు.

"బావా, ఏమనుకోకు. కళ్ళజోడు ఒకసారి మార్పించుకోరాదూ?" అన్నాడు బావమరిది. పుండు మీద కారం చల్లడంలో అతన్ని మించినవాడు లేడు.

మేస్త్రీకి ఎక్కడో కాలింది. "ఒరేయ్, ఈసారి ధార పడకపోతే ఇక జన్మలో పానా ముట్టను! మీ అక్క మీద ఒట్టు!"

"మధ్యలో నేనేం చేశానండీ! మీ మీద మీరే వేసుకోండి!" అని వంటింట్లోంచి మేస్త్రమ్మ అరిచింది.

తాడు లాగాడు. పడలేదు. మేస్త్రీ ఇంజన్ ఆపి, చేతిలో పానా నేల మీద పెట్టి, ఇంట్లోకి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రమ్మ పాటలు పాడుకుంటూ బకెట్ పట్టుకుని డ్రమ్ము దగ్గరికి వెళ్ళింది. పట్టా ఎత్తింది. నీళ్ళెక్కడో అడుగున ఉన్నాయి. వాటికి జానెడు పైన, ఇంజన్ జాలీ పొడిపొడిగా వేలాడుతోంది. జాలీ మునగందే ధార పడదని ముప్పై ఏళ్ళుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఆ మేస్త్రీయే. పట్టా మళ్ళీ కప్పేసింది. 'నేను చెప్పను. ఒట్టు వేసుకోమని నేనేమైనా బతిమాలానా? ఇన్నాళ్ళకు ఇంట్లో కూర్చున్నాడు, కూర్చోనీ' అనుకుంది.

కూర్చుంటే కదా! మేస్త్రీ కుళాయికి చెవి ఆనించి విన్నాడు, ఫ్రిజ్ వెనక్కి దూరి దగ్గాడు. ఆవిడ అన్నం వండుతుంటే వెనకాలే నిలబడి "ఓవర్‌హీట్ అవుతోందోయ్" అన్నాడు. కుక్కర్ మూత ఎందుకు తీయకూడదో చెప్పేసరికి ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. అయినా నోరు కట్టేసుకుంది.

మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. "బావా, అవతలి ఒడ్డు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాను మరి" అన్నాడు, ఈసారి వేళాకోళం లేకుండానే.

"తీసుకెళ్ళు" అన్నాడు మేస్త్రీ. లోపలి నుంచి పానాల మూట తెచ్చాడు. ఒక్కొక్కటీ తుడిచి, పాత దుప్పటి ముక్కలో చుట్టి ఉంచాడు. "ఇవీ అతనికిచ్చెయ్. నాకెందుకు, తుప్పు పడతాయి." ఇచ్చేసి బల్ల మీద కూర్చున్నాడు. ఉత్త చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకున్నాడు.

అది మాత్రం మేస్త్రమ్మ చూడలేకపోయింది. 'పాపిష్టిదాన్ని, నా చేతులారా ఈ మనిషిని ఇలా కూర్చోబెట్టాను' అనుకుంది.

"ఏమండీ, ఒక్కసారి లేచి రండి" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. వెళ్ళి పట్టా ఎత్తింది.

మేస్త్రీ డ్రమ్ములోకి చూశాడు. మూల బోర్లించి ఉన్న బకెట్ చూశాడు. తళతళలాడుతున్న నేల చూశాడు. ఈలోగా బావమరిది వెనకాలే వచ్చి "ఏమైంది బావా?" అన్నాడు.

"అదేం లేదురా, నేనే..." అని మేస్త్రమ్మ నోరు తెరవబోయింది. మేస్త్రీ ఆవిడ కాలు గట్టిగా తొక్కాడు.

"నేనేరా" అన్నాడు. "డ్రమ్ములో నీళ్ళున్నాయో లేదో చూసుకోకుండా రోజంతా ఇంజన్ విప్పాను. వెళ్ళు, రేవంతా చాటుకో."

బావమరిదికి అంతకంటే పండగ ఏముంది! పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే నీళ్ళు మోసి డ్రమ్ము నింపాడు. మేస్త్రీ తాడు లాగగానే ధార మూరెడు దూరం చిమ్మి అతని చొక్కా తడిపింది.

"మరి ఒట్టు సంగతేంటి బావా?"

"నీళ్ళు లేని డ్రమ్ము మీద వేసిన ఒట్టు చెల్లదు, పోరా."

అతను పానాల మూట తిరిగిచ్చి, ఇంజన్ మోసుకుని, దారి పొడవునా నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. షెడ్డులో ఇద్దరే మిగిలారు. మేస్త్రీ దుప్పటి ముక్క విప్పి పానాలు గోడకు తగిలిస్తున్నాడు.

"ఎన్ని బకెట్లే?"

"తొమ్మిది."

"ఎప్పుడు తెలిసింది?"

అబద్ధమాడదామనుకుంది గానీ నోరు రాలేదు. "పొద్దున్నే" అంది.

మేస్త్రీ చేతిలో పానాను మరోసారి తుడిచాడు. "అయితే మధ్యాహ్నం దాకా ఆగావన్నమాట."

"ఆగానండీ" అంది, కళ్ళనిండా నీళ్ళతో.

"నయమే. నీ స్థానంలో నేనుంటే వారం ఆగేవాణ్ణి" అని మేస్త్రీ ఆ పానాను మేకుకు తగిలించి, ఇంకోటి అందివ్వమని చెయ్యి చాపాడు.